గడియారం మూత లోపల

పోయిన నెల ఒక పొద్దున పాల ప్యాకెట్ల కోసం నిలబడి ఉంటే ఇస్త్రీ దుకాణమాయన చెప్పాడు. "అన్నా, మీ ఉస్తాద్ పోయిండంట, ఎరుకేనా? తెల్లారంగనే పానం పోయిందంట."

అలాంటి మాట విన్నప్పుడు మనిషి ముఖం గుర్తుకు రావాలి. నాకు మాత్రం మా బీరువాలో చీరల కింద దాచిన స్టీలు డబ్బా గుర్తుకొచ్చింది. అందులో ఆయన జేబు గడియారం ఉంది, ముక్కలుగా.

ఇబ్రహీంపట్నంలో గడియారాలు బాగుచేసే ఆయన్ని అందరూ ఉస్తాద్ అనే పిలిచేవారు. బస్టాండు పక్కన చెక్క డబ్బా కొట్టు ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అది పోయి, పని ఇంటి అరుగు మీదికి వచ్చింది. నేను ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి. బడిలో చదివింది ఏడో తరగతి. మిగతాదంతా ప్రయాణికులు సీట్ల మీద వదిలిపోయిన పేపర్లలో చదువుకున్నాను. ఏ పేపరూ పూర్తిగా దొరికేది కాదు కనక, నాకు చాలా సంగతులు సగం వరకే తెలుసు.

రిటైరయ్యాక మా మామగారి పాత జేబు గడియారం ఆయన దగ్గరికి పట్టుకుపోయాను. బాగుచేసి ఇచ్చాడు. మర్నాడు మళ్ళీ పోయాను.

"మళ్ళ ఆగిందా?" అన్నాడు.

"లేదు ఉస్తాద్. ఎట్ల చేసినవో చూద్దామని వచ్చిన."

ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. కంటికి బిగించిన భూతద్దం తీసి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఈ వయసులనా? సరే, కూసో. మొదలు పోయి చేతులు కడుక్కో."

అలా అరవై దాటాక శిష్యుణ్ణయ్యాను. ఆయన పద్ధతులు ఆయనవి. ఒళ్ళో పాత ధోతి ముక్క పరుచుకునేవాడు, జారిన స్క్రూ అందులో పడాలని. ముందర అన్నం తినే స్టీలు పళ్ళెం. మొదట విప్పినది పన్నెండు ఉండే చోట, తర్వాతది ఒంటిగంట చోట, అలా పళ్ళెం అంచు చుట్టూ పెట్టాలి. బిగించేటప్పుడు వెనక్కి రావాలి. ఆయన భార్య, నేను వదినా అని పిలిచే ఆమె, రోజూ ఒకటే మాట అనేది: "ఇంట్ల పళ్ళాలన్ని గడియారాలే తినబట్టె. మనమేం తినాలె?" ఒకనాడు నేను స్క్రూ అనుకొని సన్న పట్టకారు చిమ్టాతో జాగ్రత్తగా పట్టుకున్నది ఉప్మాలోని ఆవగింజ. "బిగియ్యి కండక్టరూ, బిగియ్యి. గంట గంటకు పోపు వాసనొస్తది," అన్నాడు.

ఆదిభట్లలో విమానాల భాగాలు చేసే చోట పనిచేసే ఒక ఇంజనీరు ఓసారి కంపెనీ బస్సు దిగి వచ్చాడు, చేతి గడియారంలో సెల్ మార్చమని. ఉస్తాద్ మార్చి ఇచ్చి, "బిడ్డా, విమానంల గూడ సెల్ అయిపోతే జర ముందుగాల చెప్పుర్రి," అన్నాడు. ఆ పిల్లవాడు నవ్వుతూ పోయాడు. ఇది చెప్పాల్సిన సంగతి కాదు, కానీ గుర్తుకొస్తే ఆపుకోలేను. అసలు సంగతికి వస్తాను. నిజానికి దానికి రావడమే ఇష్టం లేదు.

గడియారాలు బాగుచేసేవాళ్ళు వెనక మూత లోపల సూదితో చిన్న గుర్తు గీస్తారు, తర్వాత విప్పినవాడికి తెలియాలని. మా ఉస్తాద్ దగ్గర ఇంకో నియమం ఉండేది. పేరులో మొదటి అక్షరం గీసి, పని కుదిరితే పక్కన టిక్కు, చెడగొడితే ఇంటు గుర్తు పెట్టాలి. "బాగుచేసింది అందరు రాస్తరు. చెడగొట్టింది గూడ రాయాలె. లేకుంటే ఎనకొచ్చేటోడు మోసపోతడు," అనేవాడు.

ఇంకో మాట రోజూ చెప్పేవాడు. "ఆగిన గడియారం చచ్చిందనుకోకు. స్ప్రింగుల బలం అట్లనే ఉంటది. ముందుగాల స్ప్రింగును పట్టుకున్న కొక్కెం నొక్కి, ఆ బలాన్ని మెల్లగ దించు. తర్వాతనే విప్పు."

నిరుడు ఆయన చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు పెట్టె అడుగునుంచి తన తండ్రి జేబు గడియారం తీశాడు. తండ్రి కూడా ఇదే పని చేసినవాడే. మూత లోపల తండ్రి అక్షరం, టిక్కు. దాని కింద ఉస్తాద్ అక్షరం, ఒక ఇంటు, రెండు టిక్కులు. ఆ కింద వంకరగా, కొత్తగా గీసిన నా అక్షరం. పక్కన ఖాళీ.

"నీ అక్షరం నేనే గీకిన. గుర్తు నువ్వు పెట్టుకో. నూనె ఎండి ఆగింది, అంతే. కడిగి నూనె పెడితే నడుస్తది. ఒక్కసారి చెవి కాడ పెట్టుకొని వినాలె," అన్నాడు. "నా ముందట విప్పు."

"ఇంటికాడ నిమ్మళంగ చేస్త ఉస్తాద్," అన్నాను. ఆయన ముందు చేతులు తడబడతాయని భయం. పూర్తి చేసి తెచ్చి ఆశ్చర్యపరచాలని గొప్ప.

ఇంట్లో విప్పాను. అన్నాళ్ళ నుంచి ఆగి ఉన్నదాంట్లో బలం ఏముంటుందిలే అనుకున్నాను. కొక్కెం ముట్టుకోలేదు. లోపలి చక్రాలు ఒక్కసారి భర్రుమని తిరిగాయి. ఒక చక్రం ఇరుసు విరిగింది.

వారం తర్వాత ఆయన అడిగితే, "చక్రం ఒకటి కావాలె ఉస్తాద్, సిటీల దొరుకుతలేదు," అన్నాను. ఆయన కాసేపు నా వైపు చూసి, "దొరుకుతదిలే," అన్నాడు. తర్వాత నెలలపాటు అదే అబద్ధం. ఆ పైన వాళ్ళ గల్లీ తప్పించి సాగర్ రోడ్డు మీదుగా చుట్టు తిరిగి నడవడం మొదలుపెట్టాను. డాక్టరు నడవమన్నాడని ఇంట్లో చెప్పుకున్నాను.

ఆఖరిసారి కలిసినప్పుడు ఆయన మంచంలో ఉన్నాడు. గడియారం నడుస్తుందా అని అడగలేదు.

"మూతల ఏమన్న రాసినవా కండక్టరూ?"

"ఇంక పని కాలేదు గద ఉస్తాద్."

"పని అయితేనే రాస్తరా?"

వదిన ఇచ్చిన చాయ్ గబగబా తాగాను. చాయ్ అయిపోగానే లేచి వచ్చేశాను.

దినాలు అయ్యాక స్టీలు డబ్బా పట్టుకొని వదిన దగ్గరికి పోయాను. నోరు తెరవకముందే ఆమె అంది: "ఇరుసు ఇరిగింది గదా తమ్మీ?"

"నీకెట్ల ఎరుక వదినా?"

"నువ్వు చక్రం కావాలె అన్ననాడే చెప్పిండు. 'నేనిచ్చిననాడు చక్రాలన్ని మంచిగున్నయి, ఇప్పుడు కొత్త చక్రం ఎందుకు కావల్సొచ్చింది?' అన్నడు. 'మరి వాన్నే అడుగరాదు?' అని నేనన్న. 'నేనడిగి రాపిస్తే అది వాని గుర్తు గాదు, నాదయితది. వాడే రావాలె' అన్నడు."

లోపలికి పోయి మందుల చిన్న సీసా ఒకటి తెచ్చింది. సీసా అడుగున చక్రం ఉంది, ఇరుసుతో సహా.

"పెట్టెంత దేవులాడి తీసిపెట్టిండు. నువ్వు చెప్పంగనే ఇయ్యాలని. దిండు కిందనే ఉండె."

చెప్పడానికి ఒక్క మాట చాలు. చెప్పి ఉంటే నాలుగు నాళ్ళలో ఆ గడియారం చప్పుడు ఆయన చెవిన పడేది. నెలల తరబడి నేను సిటీలో లేదన్న చక్రం ఆయన తల కింద ఉంది.

సూది అడిగి తీసుకొని, డబ్బాలోంచి మూత తీసి, నా అక్షరం పక్కన ఇంటు గీశాను. అది కూడా ఆయన గీతలాగే వంకరపోయింది. వదిన మూత అందుకొని, దాని మీద వేలు పెట్టి చూసింది. "ఈ సారి నా ముందట బిగియ్యి," అని లోపలినుంచి పళ్ళెం తెచ్చి అరుగు మీద పెట్టింది.

ధోతి ముక్క ఒళ్ళో పరుచుకున్నాను. స్ప్రింగులో దించడానికి ఏమీ లేదు, ఆ బలమంతా ఆ రోజే పోయింది. అయినా కొక్కెం మీద వేలు పెట్టి నొక్కి, ఎంతోసేపు అలాగే పట్టుకొని కూర్చున్నాను.