అడగకుండా చేసిన ఫార్మాట్

2025 అక్టోబరు. మార్కాపురంలో బస్టాండు వెనక సందులో నా కంప్యూటర్ సర్వీసు దుకాణం ఊపిరాడకుండా ఉన్న నెల అది. విండోస్ పదో వెర్షనుకు సపోర్టు ఆగిపోయిందని ఫోన్లలో వార్త తిరిగింది. సపోర్టు ఆగడమంటే మెషిను ఆగిపోవడం కాదు, దానికి కంపెనీ ఇక మరమ్మతులు పంపదు, అంతే. కానీ జనం కంప్యూటరు పేలిపోతుందేమో అన్నంత కంగారుగా వచ్చారు. పలకల ఫ్యాక్టరీ ఆఫీసులవాళ్ళు, దస్తావేజులు రాసేవాళ్ళు, పొదిలి నుంచి ఎరువుల దుకాణం వాళ్ళు కూడా. బల్ల మీద ఇరవై మెషిన్లు, బల్ల కింద ఇంకో పది.

ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మా వృత్తిలో సగం జబ్బులకు ఒకటే మందు, ఫార్మాట్. డిస్కు మొత్తం తుడిచేసి విండోస్‌ను మొదటి నుంచి వేయడం. నలభై నిమిషాల పని. ఆ నెలలో అది నాకు కళ్ళు మూసుకుని చేసే పనైపోయింది.

అట్లాంటి రోజున బ్రహ్మయ్య వచ్చాడు. తర్లుపాడు అవతల పల్లెలో కంది, పత్తి వేసే రైతు. అరవై దాటి ఉంటాయి. సీపీయూను దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అది తన కూతురు సుభాషిణిదని, ఆమె ఊపిరి ఇబ్బందితో ఒంగోలు ఆసుపత్రిలో ఉందని చెప్పాడు.

"స్విచ్చేస్తే నల్లగా అక్షరాలొచ్చి నిలబడిపోతాది అబ్బయా. పాప నాలుగు రోజుల్లో ఇంటికొస్తాది. వచ్చేసరికి బాగుంటే సంతోషపడతాది. దానికి నేను చెప్పలేదులే."

ఇందులో ఏం చేస్తుంటుందని అడిగాను. గేములాడుకుంటుందని, ఏదో రాసుకుంటూ కూడా ఉంటుందని చెప్పాడు. నా చెవికి గేములన్న మాట ఒక్కటే ఎక్కింది.

ఆయన వెళ్ళాక మెషిను ఆన్ చేశాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. లినక్స్ ఉందని తెలిసింది. విండోస్ లాగే అదీ ఒక ఆపరేటింగ్ సిస్టమే, కానీ ఒక్క కంపెనీది కాదు. ప్రపంచంలో ఎవరెవరో రాసి అందరికీ ఇచ్చేది. లినక్స్‌లో గేములేంటి, ఎవరో తెలిసీ తెలియని కుర్రాడు వేసి ఇచ్చి ఉంటాడు అనుకున్నాను. డిస్కు నిండిపోయింది, కొంత ఖాళీ చేయండి అని ఆ తెల్ల అక్షరాల్లోనే రాసి ఉండాలి. నేను చదవలేదు. పెన్‌డ్రైవ్ పెట్టి ఫార్మాట్ కొట్టాను. విండోస్ వేసి, ఆసుపత్రి నుంచి వచ్చే పిల్ల కదా అని రెండు గేములు కూడా వేశాను. మంచి పని చేశానన్న తృప్తితోనే ఆ సాయంత్రం దుకాణం కట్టేశాను.

మెషిను బ్రహ్మయ్య తీసుకుపోయాడు. ఐదో రోజు ఫోన్ వచ్చింది. సన్నని గొంతు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది.

"అన్నా, బ్రహ్మయ్య కూతుర్ని. డిస్కు ఫార్మాట్ చేసినావా?"

చేశానమ్మా, కొత్త విండోస్ వేశానని హుషారుగా చెప్పాను.

"పాతదేమన్నా కాపీ తీసి పెట్టినావా?"

"లేదమ్మా. ఏముంది అందులో?"

"సరే అన్నా," అని పెట్టేసింది.

నా మీద అరిచిన కస్టమర్లున్నారు. కాలర్ పట్టుకున్నవాడూ ఉన్నాడు. అవేవీ నన్ను ఆ 'సరే' అంతగా కుదపలేదు. మర్నాడు పొద్దున దుకాణం తెరవకుండానే బండి తీసి వాళ్ళ ఊరికి పోయాను.

సుభాషిణికి ఇరవయ్యారేళ్ళు. కండరాలు ఏటేటా బలం తగ్గిపోయే జబ్బు. పదో తరగతి దాకా నడిచిందట. ఇప్పుడు చక్రాల కుర్చీ. కుడిచేతి బొటనవేలు, ఎడమచేతి రెండు వేళ్ళు మాత్రం కదులుతాయి. ఒళ్ళో చెక్కపలక, దాని మీద గేములాడే పాత జాయ్‌ప్యాడ్. వాళ్ళమ్మ వచ్చి ఆమె చేతులు రెండూ ఎత్తి దాని మీద పెట్టింది. సుభాషిణి బొటనవేలితో దాని మీది చిన్న పుల్లలాంటి స్టిక్కును నెట్టింది. తెర మీద బాణం గుర్తు పరుగెత్తి మూలకు పోయి ఇరుక్కుంది. ఇంకో బటన్ నొక్కింది. ఏవేవో కిటికీలు తెరుచుకున్నాయి. అంతే, ఆమె చేయి ఆపేసింది.

"ఇదే నా మౌసు, ఇదే నా కీబోర్డు అన్నా," అంది.

ఆ ప్యాడ్ చేసిన కంపెనీ దాన్ని ఎప్పుడో మానేసింది. డ్రైవర్ కూడా తీసేసింది. డ్రైవర్ అంటే పరికరం చెప్పేది కంప్యూటరుకు అర్థమయ్యేట్టు చేసే చిన్న ప్రోగ్రాము. అది లేకపోతే ప్యాడ్ ఒకటి చెబితే మెషినుకు ఇంకొకటి వినబడుతుంది. కొత్త ప్యాడ్లు మూడు కొని చూశారట. వాటి స్టిక్కులు గట్టిగా ఉండి ఆమె వేలికి కదల్లేదు. పాతది అరిగి వదులైంది. ఆ వదులే ఆమెకు కావాలి.

మరి ఇన్నాళ్ళూ ఇది ఎట్లా పనిచేసింది, డ్రైవర్ ఎవరిచ్చారు అని అడిగాను.

"నేను రాసుకున్నా."

నేను ఆమె ముఖం కేసి చూశాను, తర్వాత ఆ మూడు వేళ్ళ కేసి చూశాను. మార్కాపురంలో కంప్యూటర్ల గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని నాకో నమ్మకం ఉండేది. డ్రైవర్లు వేయడం నాకు తెలుసు. రాయడమనేది ఎక్కడో పెద్ద కంపెనీల్లో జరిగే పని అనుకున్నాను. ఈ పిల్ల నాలుగేళ్ళు వీడియోలు చూసి, పుస్తకాలు చదివి, ఈ ఊళ్ళో కూర్చుని రాసింది.

ఆమె పొడిపొడిగా చెప్పింది. ఆ డ్రైవర్‌ను లినక్స్ నడిపేవాళ్ళకు ఈమెయిల్లో పంపింది. ఆ భాగం చూసుకునే పెద్దమనిషి ఎవరో పరదేశి, ఆరుసార్లు తప్పులు చూపి తిప్పి పంపాడు. ఏడోసారి సరే అన్నాడు. అది వాళ్ళ దగ్గర భద్రం. పోయింది రెండోది. ప్యాడ్‌తో తెలుగు టైపు చేసే కీబోర్డు. స్టిక్కు ఎటు నెడితే ఆ వర్గం అక్షరాలు తెర మీద విచ్చుకుంటాయి, గుణింతం ఇంకో వేలితో. పద్నాలుగు నెలలు రాసింది. సగంలో ఉన్నదాన్ని పదిమందిలో పెడితే నవ్వుతారని ఎక్కడా పంపలేదు. ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు.

బ్రహ్మయ్య గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. "నేనే కదమ్మా ఎత్తుకపోయింది," అన్నాడు. ఆ తర్వాత నేనున్నంతసేపూ లోపలికి రాలేదు.

డిస్కు ఊడదీసుకుని దుకాణానికి తెచ్చాను. తుడిచిన డిస్కుల్లోంచి పెళ్ళి ఫోటోలు తీసిచ్చిన చేతులు నావి, దొరుకుతాయన్న ఆశ ఉంది. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి మధ్యాహ్నమంతా కూర్చున్నాను. పాత హార్డ్ డిస్కు అయితే తుడిచినా కింద ఆనవాళ్ళుంటాయి. ఇది ఎస్ఎస్‌డీ, చిప్పుల మీద రాసే కొత్త రకం. ఫార్మాట్ చేయగానే ట్రిమ్ అనే ఆదేశం పోతుంది, డిస్కు తీరిక దొరికినప్పుడు పాత గదులన్నీ తనంతట తనే కడిగేసుకుంటుంది. తెర మీద సున్నాల తర్వాత సున్నాలు. నేను వేసిన రెండు గేముల ఫైళ్ళు మాత్రం చక్కగా కనబడ్డాయి.

మర్నాడు పోయి డిస్కు మళ్ళీ బిగించి, దొరకలేదని చెప్పాను. అప్పటికే ఆమెకు తెలుసు. లినక్స్ మళ్ళీ వేయమంది. నేను సరిగా ఎప్పుడూ వేసి ఎరగను. ఆమె చెబుతుంటే బడిపిల్లవాడిలాగా వేశాను. అన్నిటికంటే కొత్త వెర్షన్ వేయమంది. పాత మెషిన్లో తాను రాసుకున్న కాపీయే నడిచేదట, లినక్స్ వాళ్ళకు పంపినది అందరికీ ఇచ్చే దాంట్లో నిజంగా వచ్చిందో లేదో చూసుకునే పని పడలేదు.

ప్యాడ్ వైరు గుచ్చమంది. గుచ్చాను. వాళ్ళమ్మ చేతులు ఎత్తి పెట్టింది. సుభాషిణి వేలు కదిపింది. బాణం మెల్లగా, ఆమె అనుకున్న చోటికి పోయి ఆగింది. తర్వాత నన్నొక కమాండ్ కొట్టమంది. ఒక డ్రైవర్ వివరాలు చూపించే కమాండ్ అది. నాలుగైదు లైన్లు వచ్చాయి. రాసినవారు అన్న చోట ఆమె పేరుంది.

నేను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి వేసింది ఆమె మెషినులోంచి తీసింది కాదు. ఇంటర్నెట్ నుంచి దింపుకున్నది. జపాన్లో దింపుకున్నా, బ్రెజిల్లో దింపుకున్నా అందులో ఈ పేరుంటుంది. కంపెనీ వదిలేసిన పరికరం, ఈ పిల్ల వదలనందుకు ప్రపంచమంతా పనిచేస్తోంది. దాన్ని నేను పనికిరాని సరుకనుకుని తుడిచేశాను.

నాకు ఇంకో నమ్మకం కూడా ఆ రోజే పోయింది. గేములాడతావని మీ నాన్న చెప్పాడు కదమ్మా, లినక్స్‌లో అవి నడవవు కదా అన్నాను. ఆమె లారీ నడిపే ఆట ఒకటి దింపి చూపించింది. అది విండోస్ కోసం చేసిన ఆట. మధ్యలో తర్జుమా చేసే పొర ఒకటి ఉంటుందని, విండోస్ భాషలో ఆట అడిగేదాన్ని లినక్స్‌కు అర్థమయ్యేట్టు అప్పటికప్పుడు మారుస్తుందని చెప్పింది. మార్కాపురం ఆసుపత్రి, ఒంగోలు ఆసుపత్రి తప్ప ఊరు దాటని పిల్ల, బొటనవేలితో పద్దెనిమిది చక్రాల లారీని వాన పడుతున్న ఘాట్ రోడ్డులో మలుపు తిప్పింది. నేను వేసిచ్చిన విండోస్‌లో ఆ పాత మెషిను దాన్ని ఇంత నున్నగా నడపగలిగేది కాదు.

అన్ని ఆటలూ అట్లా రావు. నలుగురు స్నేహితులతో కలిసి రెండేళ్ళు ఆడిన ఆట ఒకటి ఆమెకు ఒక పొద్దున తలుపు మూసేసిందట. మోసగాళ్ళను పట్టే కాపలా ప్రోగ్రాము ఒకటి ఆన్‌లైన్ ఆటల్లో ఉంటుంది. ఆ ఆట వాళ్ళు కాపలా మార్చి, లినక్స్ మెషిన్లను మొత్తంగా ఆపేశారు.

"మేమేం దొంగతనం చేసినామని అన్నా? ఎవరో చేస్తారని మమ్మల్ని బయటికి పంపినారు," అంది. ఆ నలుగురూ ఇంకా ఆడుతున్నారట. ఈమె వాళ్ళ మాటలు మాత్రం ఫోన్లో వింటుంది.

ఆ ఆదివారం నుంచి నేను వాళ్ళ ఊరికి పోవడం మొదలుపెట్టాను. పోయిన తెలుగు కీబోర్డును ఆమె మళ్ళీ రాయాలి. మూడు వేళ్ళతో అయితే ఇంకో ఏడాది. నావి పది వేళ్ళు, బుర్రలో ప్రోగ్రామింగ్ సున్నా. ఆమె చెబుతుంది, నేను టైపు చేస్తాను. బ్రాకెట్టు మూయలేదని, అక్కడ నాలుగు ఖాళీలు వదలమని, తెర వైపు చూడకుండానే చెబుతుంది. పద్నాలుగు నెలల పని ఆమె తలలో వరసగా ఉంది. ఒకసారి అరగంట ఆగకుండా చెప్పి, ఊపిరి అందక తల వెనక్కి వాల్చేసింది. నేను భయపడి వాళ్ళమ్మను పిలిచాను. సుభాషిణి కళ్ళు మూసుకునే, ఇంతకు ముందు లైన్లో చుక్క మరిచినావన్నా అంది.

మూడో ఆదివారం 'క' గుణింతం మొత్తం వచ్చింది. రాసిన ముక్కను ఆ రోజుకారోజు నెట్‌లో అందరూ చూసేచోట పెట్టేస్తోంది ఇప్పుడు. సగంలో ఉన్నా సరే. నవ్వేవాళ్ళెవరో నవ్వారో లేదో తెలియదు గానీ, మన అక్షరాల్లాగే గుణింతాలుండే ఇంకో భాషవాడు, కంబోడియా మనిషట, ఇది తన భాషకు వాడుకోవచ్చా అని రాశాడు.

నా దుకాణంలో మారింది చెప్పాలంటే చెప్పడానికి చిన్న సంగతే. ఎవరు మెషిను తెచ్చినా, వాడేది ఎవరని అడుగుతాను. తెచ్చినవారు, వాడేవారు ఒకరు కాకపోతే వాడేవారితో ఫోన్లో మాట్లాడేదాకా స్క్రూ విప్పను. తెర మీద వచ్చిన అక్షరాలు చివరిదాకా చదువుతాను. డిస్కు మొత్తం కాపీ తీసి వారం రోజులు పక్కన పెడతాను. ఇంతకాలం వేళ్ళ మీద లెక్కపెట్టే ఈ పనులు చేయకపోవడానికి కారణం తీరిక లేకపోవడం కాదు. ఎదుటివాళ్ళ డిస్కులో నాకు తెలియనిది, విలువైనది ఉంటుందని నాకు తోచకపోవడం. అది తెలివితక్కువతనం కంటే పెద్ద తప్పు.

పోయిన ఆదివారం బయల్దేరేముందు చెప్పులేసుకుంటూ, ఇన్నాళ్ళూ అడగలేకపోయింది అడిగాను. నా మీద కోపం లేదామ్మా అని.

సుభాషిణి ఆలోచించింది. ఊరికే మర్యాదకు చెప్పే మనిషి కాదు.

"ఉందన్నా," అంది. "మొదటిసారి రాసింది ఇంతకంటే బాగుండె. వచ్చే ఆదివారం తొందరగా రా, ఒత్తులు మొదలుపెడదాం."