మిగిలిపోయిన అర నిమిషం

ప్రతి దరఖాస్తుదారుకూ ఒక నిమిషం ఇస్తామని ప్రకటనలో రాశారు. సారవ్వ మాట అర నిమిషమే విన్నారు. ఆమె పేరు ఎదుట ‘వ్యాపారాన్ని వివరించలేకపోయారు’ అని రాసి దరఖాస్తును తిరస్కరించారు.

గోదావరిఖనిలో షిఫ్టు బస్సులు ఆగేచోట కొత్తగా దుకాణాలు కట్టారు. వాటిలో ఆఖరిది మహిళకు ఇవ్వాలి. సారవ్వ జొన్నరొట్టెలు చేసి, బొగ్గుబాయి పనికి వెళ్లేవాళ్లకు సద్దికి అమ్ముతుంది. ఆమె పొయ్యి ఇన్నాళ్లూ క్వార్టరు వెనక రేకుల కింద ఉంది. ఆ రేకులు తీసేయమని నోటీసు వచ్చింది. దుకాణం దక్కకపోతే ఆ పొయ్యి ఆరిపోతుంది.

అందుకే వారం ముందునుంచే ఆ నిమిషాన్ని సాధన చేసింది. ముప్పై ఏళ్లు గనిలో హాలర్ నడిపి, బొగ్గు టబ్బులను పైకి లాగి రిటైరైన భర్త ఆగయ్య, మంచంమీద కూర్చుని గోడ గడియారం చూసేవాడు.

“నమస్తే సార్. మా ఆయిన ఆగయ్య, హాలర్ మీద జేసిండు. ఫస్ట్ షిఫ్టు...”

“ఏమే, రొట్టెలమ్ముతవా, నన్నమ్ముతవా?”

“నిన్నెవ్వలు కొంటరు? ఆ దగ్గుతోటి ఊకెనే ఇచ్చినా తీస్కపోరు.”

ఆ వాడలో పరిచయమంటే అంతే. ముందు బాయి, తర్వాత షిఫ్టు, ఆ తర్వాతే మనిషి.

పక్క క్వార్టరులో ఉండే టీచరు శాలిని నవ్వు ఆపుకొని అడిగింది: “పెద్దమ్మా, అందరూ రొట్టెలు జేస్తరు. నీ రొట్టెల ఏమున్నదో ఒక్క ముచ్చటల చెప్పు.”

ఆగయ్యే నోరు విప్పాడు.

“రోజూ డబ్బాల ఒక ముక్క మిగిల్చి తెచ్చేటోన్ని గదా, యాదికున్నదా?”

ఎందుకు ఉండదు? కడుపు నిండి మిగిల్చాడనుకునేది. ఆ ముక్కను బొటనవేలితో నొక్కి చూసేది. పెళుసుగా విరిగితే మర్నాడు పిండిలో పోసే వేడినీళ్లు మార్చేది, చుట్టే బట్ట మార్చేది. గని ఉక్కలోనూ రొట్టె మెత్తగా ఉండే పాళం ఆమె చేతికి అలాగే పట్టుబడింది.

“నువ్వు నొక్కి సూసుడు ఒకనాడు సూసిన. గప్పటిసంది ఎంత ఆకలైనా ఆ ముక్క ముట్టలే. నువ్వు ఎదురుసూస్తవని.”

సారవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, “పిచ్చోడా, తినకపోయినవు” అంది.

ఆ సాయంత్రానికి మాట కుదిరింది. “పొద్దుగాల కట్టిన రొట్టె బాయిల పగటీలి దాకా మెత్తగుంటది. ముప్పై ఏండ్లు రోజుకో ముక్క తెప్పించుకొని సూసిన.” అంతే. ముందున్న పరిచయం తీసేయమని శాలిని ఎంత చెప్పినా వినలేదు. “ఆయిన లేకుంటే గీ రొట్టె ఎక్కడిది, బిడ్డా?” మొదటి సగం ఆగయ్య, రెండో సగం రొట్టె. లెక్కకు సరిగ్గా నిమిషం.

ఎంపిక రోజు, ఆగయ్య షిఫ్టు పేరు నోట్లో ఉండగానే బల్లమీది గంట ఒక్కసారి మోగింది. సగం సమయం మిగిలి ఉందని దాని అర్థం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సారవ్వకు తెలిసిన అర్థం వేరు. గనిలో ఒక్క గంట మోగితే హాలర్ ఆపాలి. ఆ తర్వాత టబ్బు జానెడు కదిలినా కింద ఎవరి ప్రాణమైనా పోవచ్చు. ముప్పై ఏళ్లు ఆ మాట వింటూ బతికిన మనిషి సగం వాక్యంలో నోరు మూసేసింది. బల్ల వెనక కూర్చున్న ఎంపిక సంఘం వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, “తర్వాతివారు” అన్నారు.

“ముక్క ముచ్చట జెప్పినవా?” గడపలోనే అడిగాడు ఆగయ్య.

“గంట గొట్టిండ్రు.”

“ఎన్ని?”

“ఒక్కటే.”

ఆగయ్య చాలాసేపు ఆమె చెయ్యి వదల్లేదు. “ఆగినవు. ఆగాలె మరి” అన్నాడు.

ఎంపిక సంఘం సభ్యులారా, మీ ప్రకటనలోని నాలుగో నిబంధన ఒక నిమిషం అంటుంది. గంట ప్రస్తావన ఏ నిబంధనలోనూ లేదు. ఆ తిరస్కరణను రద్దు చేయండి. దుకాణాన్ని మరొకరికి రాసివ్వకముందే సారవ్వను మళ్లీ పిలవండి. ఆమె అర నిమిషం ఆమెకివ్వండి. ఈసారి గంట ముట్టుకోకండి.