రెడ్డెప్ప మేస్త్రీ ముగ్గు

నిన్న కుప్పంలో ముగ్గుపిండి సంచి విప్పగానే ఆ తెల్లటి దుమ్ము ముక్కులోకి పోయి వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాను. ఆయన పోయి రెండేళ్లయినా, తుమ్మితే ముందు రెడ్డెప్ప మేస్త్రీయే గుర్తొస్తాడు. పనిలో ఎవరు తుమ్మినా అందరినీ కూర్చోబెట్టేవాడు. ఆయన లెక్కలో తుమ్ము అపశకునం కాదు, టీ తాగడానికి మంచి వంక.

మదనపల్లెలో ఒక నర్సరీ తరఫున తోటలు వేయించే మేస్త్రీ ఆయన. డిజైన్ చదువు ముగించి నేనూ అక్కడే చేరాను. నా మొదటి పని పుంగనూరులో. తాతల కాలం మిద్దెలున్న ఒక పాత వీధి, దాని మొగదల ఉన్న ఖాళీ జాగాను అందంగా తీర్చాలి. వీధి పెద్దలు మెచ్చితేనే ఉద్యోగం ఖాయమని మా యజమాని ముందే చెప్పేశాడు. వారం రోజులు కష్టపడి, నట్టనడుమ గుండ్రటి పూలమడి, దాని చుట్టూ తిరిగి వెళ్లే బాట గీశాను. కాగితం మీద చూస్తే నాకే ముద్దొచ్చింది.

గుంత తవ్వే ముందు బొమ్మంతా నేల మీద ముగ్గుతో గీసి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఓ పక్కన కూర్చుని చూడటం రెడ్డెప్ప పద్ధతి. ఆ రోజూ అలాగే కూర్చున్నాడు. పాలవాళ్లు, బడిపిల్లలు, పూలమ్మే ఆవిడ, అందరూ నా పూలమడి మీదుగా అడ్డంగా నడిచిపోయారు. సాయంత్రానికి గుండ్రం రెండు ముక్కలైంది.

“సూడమ్మా, ఊరు నీ బొమ్మను దిద్దిండాది. వాళ్లను యాల సుట్టూ తిప్పేది?” అన్నాడు.

నాకు రోషం వచ్చింది. కంచె వేస్తే చచ్చినట్టు చుట్టూ తిరుగుతారని వాదించాను. ఆయన సరేనని నేను గీసినట్టే పచ్చిక పరిపించి, పూలమొక్కలు నాటించాడు. కంచె అంటే నడుమెత్తున ఒకే ఒక్క ఇనప కమ్మీ, నేను పుస్తకంలో చూసి పెట్టించింది. ఆ పుస్తకం రాసినవాళ్లు పుంగనూరు ఆవును చూసినట్టు లేదు. ఆ పొట్టి తల్లి తల కాస్త వంచి, దూడతో సహా కమ్మీ కింద దూరి, నా డిజైనంతా నింపాదిగా మేసి వెళ్లింది. మిగిలిన నాలుగు మొక్కలనూ అడ్డదారి మనుషులు తొక్కేశారు.

పెద్దలు పిలిపించి ఇదెవరి నిర్వాకమని అడిగారు. నేను చేతిలోని బొమ్మ కాగితాన్ని వెనక్కి దాచుకున్నాను. రెడ్డెప్ప తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“పాప బాగానే గీసిండాదప్పా. నేనే గీత తప్పు కొట్టినాను.”

రెండు రోజుల గడువు అడిగి, జనం నడిచిన చోటే బండలు పరిపించి, ఇరుపక్కలా మొక్కలు నాటించాడు. ఓ మూల ఆవుకు నీళ్లతొట్టి కూడా కట్టించాడు. పెద్దలు తొట్టినే ఎక్కువ మెచ్చుకున్నారు. నా ఉద్యోగం నిలబడింది. తిరుగు బస్సులో, మీరెందుకు నింద మోశారని అడిగాను. సిగ్గుతో ఆయన ముఖం చూడలేకపోయాను.

“నాకు పేరుండాది, కొంచెం తగ్గినా సెల్లుతాది. నీకింకా రాలే కదమ్మా,” అని టికెట్టు చెవిలో దోపుకుని కునుకు తీశాడు.

నిన్న కుప్పంలో ముగ్గు సంచి విప్పింది, మా ఆఫీసులో కొత్తగా చేరిన శైలజ పట్టుబట్టి వేయించిన బాటను మార్చడానికే. ఇదెవరు గీశారని కాలనీవాళ్లు గట్టిగా నిలదీశారు. శైలజ ముఖం పాలిపోయింది. నేను చేతులకంటిన ముగ్గు దులుపుకుని, గీత తప్పు కొట్టింది నేనేనని చెప్పాను.