చలువ కల్లు

మా ఆయన చేతుల మీద మొదటి పొక్కులు ఎండాకాలంలో లేచాయి. ఝరాసంగం నుంచి జహీరాబాద్‌కు షేర్ ఆటో నడిపేవాడు. హ్యాండిల్ పట్టుకున్న చేతుల మీద పొద్దస్తమానం ఎండే. పొక్కు చిట్లితే తోలు ఊడివచ్చేది, మానితే తెల్ల మచ్చ పడేది. మూత్రం డికాషన్ రంగులో పోతోందని నాకొక్కదానికే చెప్పాడు.

అప్పటికి బ్రాందీ మానేసి ఏడు నెలలు. ఊరికే మానలేదు, నా నోటికి జడిసి మానాడు. పెళ్ళైనప్పటి నుంచి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను మరి. ఆ ఏడు నెలలూ నా అంతటిది లేదని మురిసిపోయాను.

పొక్కులు చూసి, ఒంట్లో వేడి చేసిందని మా అత్త తేల్చేసింది. పొద్దున్నే ఈతకల్లు తాగిస్తే ఒళ్ళు చల్లబడుతుందంది. మా వైపు అమ్మతల్లి పోసినా, ఎండదెబ్బ తగిలినా కల్లే చలువ. బ్రాందీ అయితే తాగుడు, కల్లు అయితే మందు. నేనూ అదే నమ్మాను. ఆయన వద్దన్నాడు, మళ్ళీ అలవాటవుతుందని భయపడ్డాడు. నోరు మూసుకుని తాగమని నేనే గ్లాసు చేతికిచ్చాను. రెండు నెలలు రోజూ నేనే తెచ్చాను. పొక్కులు ముఖానికి పాకాయి. కుష్టు అనుకుని ఆటోలో ఆయన పక్కన కూర్చోవడం మానేశారు జనం.

చివరికి పెద్ద దవాఖానకు పోతే రక్తపరీక్షలు చేశారు. లివర్‌లో వైరస్ ఉందట, ఎప్పుడు అంటిందో తెలియదట. దానికి తాగుడు తోడై రక్తంలో ఏదో పేరుకుంటుందట, ఎండ తగిలితే అదే తోలును కాలుస్తుందట. ఎండలోకి పోవద్దు, చుక్క ముట్టొద్దన్నాడు డాక్టరు. లివర్ ఇప్పటికే గట్టిపడింది, ఇంకా తాగితే మనిషి దక్కడన్నాడు. రోజూ కల్లు తాగుతున్నాడని తెలిసి, ఇంత జబ్బులో ఎవరు తాగమన్నారని అడిగాడు.

"ఎవ్వలు జెప్పలే సార్. నేనే ఆగలేక తాగిన," అన్నాడు మా ఆయన.

తిరిగి వస్తుంటే బస్సులో ఆయన చేతులకు నా కొంగు కప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అంటే బాగుండు అనిపించింది.

వారం ఆగాడు. ఎనిమిదో నాడు పొద్దెక్కాక మంచం మీద లేచి కూర్చున్నాడు.

"జర కల్లు తేవే. ఒక్క గిలాసే."

ఊరంతా వినేలా తిట్టాల్సింది నేను. ఏ ముఖం పెట్టుకుని తిట్టను?

నేను కదలకపోయేసరికి తనే లేచి, కల్లుకు రోజూ నేను తీసుకుపోయిన క్యాను పట్టుకుని ఎండలోకి నడిచాడు.