తూర్పుగాలి వీచిన శుక్రవారం

2003 ఫిబ్రవరి 11, మంగళవారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు గుంటూరు స్టేషన్లో నంద్యాల వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను. ఒక సంచిలో నా బట్టలు ఉన్నాయి. రెండో సంచిలో ఏమీ లేదు. అది తిరుగు ప్రయాణంలో మా చెల్లెలు శేషమ్మ బట్టలకు.

శేషమ్మది పెద్దదోర్నాల దాటాక నల్లమల అంచున ఉన్న పల్లె. మొగుడు పోయాక కూడా ఉన్న రెండెకరాల్లో మిరప వేసుకుంటూ అక్కడే ఉంటోంది. ఉబ్బసం మనిషి. ఏటా చలి వెనకపడగానే అడవి అంచుల్లో ఎండుగడ్డిని అటవీశాఖ వాళ్ళే ముందుగా ఒక బారున కాల్చేస్తారు. వేసవిలో ఎక్కడైనా నిప్పు పుడితే ఆ కాలిన బారు దగ్గర ఆగిపోవాలని. మంచి పనే. కానీ కిందటేడు ఉన్నట్టుండి గాలి తిరిగి, పొగ ఊరి మీదకు దిగింది. శేషమ్మను మార్కాపురం ఆస్పత్రిలో ఉంచవలసి వచ్చింది. ఈసారి ముందే వెళ్ళి ఆమెను తెచ్చుకుని, పది రోజులైనా నా దగ్గర ఉంచుకోవాలని బయలుదేరాను.

పొగ లేకపోయినా ఏదో ఒక కారణం వెతుక్కునేదాన్నేమో. నేను టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. మూడు నిమిషాలు కాగానే "పొడిగించమంటారా?" అని అడగడం, వద్దంటే తెంచడం నా పని. శేషమ్మ ఎస్టీడీ బూతు నుంచి మాట్లాడినా, గోడ మీద మీటరు చూస్తూ మాట్లాడుతుంది. బాగున్నావా, వానలు పడ్డాయా, సరే ఉంటా. ఆమె పెళ్ళయిన తర్వాత మేమిద్దరం ఒక ఇంట్లో వారం రోజులు కలిసి ఉన్నది లేదు.

నరసరావుపేటలో ఎదురు సీట్లోకి ఒక సున్నం వ్యాపారి వచ్చి కూర్చున్నారు. పేరు మస్తాన్ అని చెప్పారు. పిడుగురాళ్ళ మనిషి. పంచె అంచు కూడా సున్నం పట్టి గట్టిగా ఉంది. నేను వెళ్ళే పని విని నవ్వారు.

"గాలి ఎటు తిరిగిద్దోనని రైలెక్కారా పెద్దమ్మా? మా ఊరు రండి. ఏ గాలి కొట్టినా బట్టీ పొగే. ఈ పక్క కిటికీ మూస్తే ఆ పక్కనుంచొచ్చి పలకరిస్తది."

వినుకొండలో ఆయనే నాకు టీ ఇప్పించారు. డబ్బు ఇవ్వబోతే, "పెద్దమ్మా అని పిలిచినందుకైనా ఊరుకోండి" అన్నారు.

మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగేసరికి పదిన్నర దాటింది. ఈ దారిన వచ్చేవారు తెలుసుకోవలసింది, స్టేషను ఊళ్ళో లేదు. ఊళ్ళోకి మళ్ళీ బస్సో ఆటోనో ఎక్కాలి. మార్కాపురం బస్టాండు ఎదురుగా భోజనం ఇరవై రూపాయలు, పప్పు బాగుంది, మజ్జిగ నీళ్ళు. దోర్నాల బస్సు పన్నెండుంబావుకు కదిలింది. దారి పొడవునా పత్తి తీసేసిన చేలల్లో ఎండు కట్టె నిలబడి ఉంది. ఊళ్ళు దగ్గరపడేకొద్దీ కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు బస్సులోకి వచ్చి అందరం వరసగా తుమ్మాం. దోర్నాలలో దిగి, మరో ఆటో పట్టుకుని రెండున్నరకు శేషమ్మ ఇంటి ముందు దిగాను. గొడుగు బస్సులోనే మరిచిపోయానని అప్పుడు తెలిసింది.

ఆమె ఇంటి వెనక కల్లంలో పాదాలతో కాయను తిరగేస్తూ ఉంది. నన్ను చూసి ఆగలేదు. వరస చివరిదాకా తిరగేసి అప్పుడు వచ్చింది.

"ఏందక్కా, చెప్పకుండా దిగావు?"

"చెబితే రావద్దంటావని."

"ఆ ఖాళీ సంచేంది?"

"నీ బట్టలకి. నాతో గుంటూరు వస్తున్నావు."

"కాయ కల్లంలో పెట్టుకుని యాడికొచ్చేది? పొగొస్తే వస్తాలే. కాయ సుబ్బులుకి అప్పజెప్పి, నువ్వు పిలవకపోయినా వస్తా. రాకపోతే మాత్రం నన్ను పీకమాక."

ఒప్పందం అలా కుదిరింది. సుబ్బులు పక్కింటామె.

సాయంత్రం అటవీశాఖ జీపు వచ్చింది. రేపు పదకొండు గంటలకు వాగు పక్క గడ్డి కాలుస్తామని, కల్లాల్లో కాయ మీద పట్టాలు కప్పుకోమని, ఉబ్బసం ఉన్నవాళ్ళు తలుపులు వేసుకుని లోపల ఉండమని మైకులో చెప్పారు. మిరపకాయ మీద బూడిద పడితే కొనేవాడు చేత్తో కూడా ముట్టడు. జీపు ఆగినప్పుడు నేను దగ్గరకు వెళ్ళి ఆఫీసరును అడిగాను. ముప్పై ఏళ్ళుంటాయి, ఓపిక ఉన్న మనిషి.

"నిప్పు పెట్టడం ఎంతసేపమ్మా. పొగను ఎటు సాగనంపాలన్నదే మా తలనొప్పి" అన్నారు. "వాతావరణం వాళ్ళ కబురు రోజూ వైర్లెస్‌లో తెప్పించుకుంటాం. తూర్పుగాలి ఉంటే పొగ కొండల మీదుగా పోతుంది. పడమర గాలైతే మీ ఇళ్ళలోకే వస్తుంది."

"పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కాల్చేయొచ్చు కదా?"

"అప్పుడు పొగ పైకి లేవదండి. నేల వేడెక్కాలి, అప్పుడు లేస్తుంది. మళ్ళీ పొద్దువాలకముందే ఆర్పేయాలి. గాలి ఆడని రాత్రి, ఆకాశం తేటగా ఉంటే, మిగిలిన పొగంతా చల్లగాలితో పాటు వాగు వెంబడి కిందికి దిగుతుంది. వాగు చివర ఎవరి ఇల్లుంది?"

వాగు చివర ఉన్నది శేషమ్మ ఇల్లే.

బుధవారం పదిన్నరకల్లా పట్టాలు కప్పాం. తలుపులు, కిటికీలు వేసి, సందుల్లో తడిగుడ్డలు దోపాం. చీకటి గదిలో ఇద్దరం చాప మీద కూర్చున్నాం. శేషమ్మ మందు గొట్టం ఒళ్ళో పెట్టుకుంది. పొగ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టి, ఎప్పుడో మానేశాం.

పొదిలి దగ్గర మా చిన్నప్పటి ఊరి గురించి మాట్లాడుకున్నాం. మా నాన్న పొగాకు బ్యారన్‌లో మంట చూసేవాడు. ఆకు ఎండేదాకా రాత్రిళ్ళు పొయ్యి ఆరకూడదు. మేమిద్దరం ఆ బ్యారన్ గోడకు వీపులు ఆనించి పడుకునేవాళ్ళం. గోడ వెచ్చగా ఉండేది. వెచ్చని చోటు కోసం తోసుకునేవాళ్ళం.

"నువ్వే తోసేదానివి" అంది శేషమ్మ.

"నువ్వు గిల్లేదానివి."

"పొగ వాసనొస్తే నాకు ఊపిరాడదు గానక్కా, ముందు నాన్నే గుర్తొస్తాడు. దగ్గేది ఆ తర్వాతే."

ఎవరూ మీటరు చూడలేదు. ఆమె వరసగా అంతసేపు మాట్లాడగలదని నాకు తెలియదు. అత్తగారి గురించి, మొదటి ఏడు వేసిన మిరప గురించి, పుట్టి నెల తిరగకుండా పోయిన పిల్ల గురించి. ఆ పిల్లకు నా పేరే పెట్టుకుందని ఆ గదిలోనే మొదటిసారి విన్నాను. ఫోనులో చెప్పే సంగతి కాదు.

బయటనుంచి సుబ్బులు కేక వినిపించింది. "ఏందమ్మో శేషక్కా, కాయ ఎండబెడతన్నావా, ఉడకబెడతన్నావా?"

తలుపు తీశాం. ఎండ నిప్పులు చెరుగుతోంది, పొగ లేదు. పన్నెండు తర్వాత పడమర గాలి మొదలవుతుందని పొద్దున వైర్లెస్‌లో కబురొచ్చిందట. కాల్చడం ఆపేశామని అటవీశాఖ వాచరు సైకిల్ మీద కల్లం కల్లానికీ తిరిగి చెప్పాడట. అందరూ పట్టాలు తీసేశారు. మేము తలుపులు బిగించుకుని ఉన్నాం, వినపడలేదు. టైము చూస్తే రెండున్నర.

పట్టా ఎత్తగానే ఆవిరి ముఖానికి కొట్టింది. పచ్చి ఇంకా ఆరని కాయ ఉక్కకు చెమ్మపట్టి మెత్తబడింది. మర్నాటికి అందులో చాలాభాగం రంగు పోయి తెల్లబారింది. దాన్ని తాలు అంటారు. ఎర్రకాయ ధరలో సగం కూడా రాదు. గురువారమంతా ఇద్దరం కూర్చుని తాలు ఏరాం. యార్డుకు తోలే బస్తాను టిక్కీ అంటారు. ముప్పావు టిక్కీ అయింది.

"పోనీలే" అంది శేషమ్మ, ఏరుతూనే. "కబుర్లకి ఇంత కాయ పోసినవాళ్ళు ఈ మండలంలో ఉండరు."

ఆ సాయంత్రం జీపు మళ్ళీ వచ్చింది. శుక్రవారం పదకొండుకు కాలుస్తామని, రోజంతా తూర్పుగాలేనని చెప్పారు. ఆ రాత్రి పడుకునేముందు, పడమర గాలి వస్తే బాగుండు అనుకున్నాను. ఉబ్బసం ఉన్న చెల్లెలిని పక్కన పెట్టుకుని అనుకోవలసిన మాట కాదు. అయినా అనుకున్నాను.

శుక్రవారం పొద్దున నేను చీర కొంగు చేత్తో పట్టుకుని కల్లంలో నిలబడ్డాను. కొంగు కొండల వైపే ఎగిరింది. ముందు వాళ్ళు ఒక చిన్న గడ్డిమోపు కాల్చి పొగ పోకడ చూశారు. అది నిటారుగా లేచి, తాటిచెట్టంత ఎత్తున పడమరకు వంగింది. అప్పుడు బారు వెంట నిప్పు పెట్టారు. పొగ గోడలా లేచి, మమ్మల్ని చూడనట్టే కొండ మీదకు వెళ్ళిపోయింది. రెండు గంటలకల్లా ఆర్పేశారు. చీకటి పడ్డాక శేషమ్మ వాగు వైపు ముఖం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చింది.

"ఏం లేదక్కా. వాసన కూడా లేదు."

ఆమె గొంతులో సంతోషం ఎంతో, చిన్నబోవడం ఎంతో నేను విడదీయలేకపోయాను. ఒప్పందం ఒప్పందమే. మళ్ళీ అడగలేదు.

శనివారం పొద్దున ఖాళీ సంచి నిండా ఎర్రకాయ పోసి, మూతి కుట్టి ఇచ్చింది. ఆటో కదిలేటప్పుడు, "మళ్ళేడు కాల్చేటప్పుడు రా" అంది. "కాల్చకపోయినా రా."

మధ్యాహ్నం మార్కాపురం రోడ్డులో రైలెక్కి, పక్క సీట్లో ఆ సంచి పెట్టుకున్నాను. దొనకొండ దాటాక ఒకావిడ చంకలో పిల్లతో వచ్చి, "ఇక్కడ ఎవరన్నా వస్తారాండీ?" అని అడిగింది. రారని చెప్పి సంచి కిందికి దించాను. ఆ పిల్ల గుంటూరు దాకా తుమ్ముతూనే ఉంది.

ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది. శేషమ్మ కోసం వేసి ఉంచిన మంచం మీద దుప్పటి మడత విప్పకుండా తీసి బీరువాలో పెట్టాను.

పోయినవి: బస్సులో ఒక గొడుగు. ముప్పావు టిక్కీ కాయ. ఆమె నా ఇంట్లో ఉండవలసిన పది రోజులు. పొగ వల్ల పోయింది ఏమీ లేదు.