వెనక సీటులో సుభద్ర గారు

సుభద్ర గారి వీడ్కోలు సభలో నన్ను మాట్లాడనివ్వలేదు. ఆ సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేను చెప్పబోతే ఎవరూ వినలేదు. కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఒక రెస్టారెంటు మేడమీది గదిలో జరిగిన ఆ సభలో, ఆమె దగ్గర ఆరు నెలలు పనిచేసినవాళ్లు కూడా మైకు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పదేళ్లకు పైగా ఆమె కింద పనిచేసిన నన్ను మాత్రం, "ప్రసాద్ గారూ, టైమైపోయింది, కేక్ కట్ చేసేద్దాం" అని కూర్చోబెట్టారు. టైమేమీ అయిపోలేదు. మైకు ఇస్తే నేనేదో ఫిర్యాదు చేస్తానని భయపడ్డారు. చేసేవాణ్ణే. చేయవలసిన ఫిర్యాదు ఉంది కనుక.

ఈ ఉదయం అదంతా మళ్లీ పైకి వచ్చింది. నా కారు సర్వీసుకు ఇచ్చి, వేణు అనే సహోద్యోగి కారులో ఆఫీసుకు బయలుదేరాను. 401 హైవే మీద వేగం నూట పది దాటగానే నా కింద సీటు సన్నగా వణకడం మొదలైంది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నప్పుడు గిన్నె మూత మీద చెయ్యి ఉంచితే తెలుస్తుందే, అలాంటి వణుకు. కప్పులో కాఫీ మీద చిన్నచిన్న వలయాలు. నాకు తెలియకుండానే బూట్లు విప్పి, పాదాలు కారు నేలకు ఆనించాను. అది సుభద్ర గారి అలవాటు. వేణు కంగారుపడి, "ఏమైంది సార్, ఒంట్లో బాలేదా?" అన్నాడు. "నాకు కాదు, నీ కారుకు బాలేదు" అని అప్పటికప్పుడు చెప్పేశాను. తర్వాతి ఎగ్జిట్ వచ్చేదాకా కూడా ఆగలేదు. ఎందుకు ఆగలేదో చెప్పాలంటే, ఆగిన మనిషి గురించి చెప్పాలి.

కారు సీట్లు ముందుకీ వెనక్కీ జరగడానికి కింద ఇనుప పట్టాలు ఉంటాయి. మా ప్లాంటులో తయారయ్యేవి అవే. కొన్న కంపెనీలు ఆ పట్టాల మీద చేసే ఫిర్యాదులు చూసే విభాగానికి సుభద్ర గారు మేనేజరు. అనకాపల్లి మనిషి. పొట్టిగా, బరువుగా ఉండేవారు. ఆఫీసులో హీటరు ఎంత మండుతున్నా జాకెట్ విప్పేవారు కాదు. గొంతు పెంచి ఎవరినీ ఏమీ అనేవారు కాదు. అనదలచుకున్నది మామూలు గొంతుతోనే, పదిమందికీ వినపడేలా అనేవారు. నేను చేరిన కొత్తలో ఒక పట్టా గురించి రిపోర్టు రాసి ఇచ్చాను. పట్టా నాసిరకంగా ఉందనీ, కీచుమంటోందనీ, ఇలాంటి సరుకు పంపితే కంపెనీ పరువు పోతుందనీ బాగా ఘాటుగానే రాశాను. ఆమె చదివి, నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఏటిది ప్రసాద్?"

"కంప్లయింట్ రిపోర్టు మేడమ్."

"కంప్లయింట్ కాదిది. ఏడుపు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా పక్క బల్ల దగ్గర కూర్చునే కర్నూలు కుర్రాడు రఫీ అందరికన్నా గట్టిగా నవ్వాడు. నేను మరిచిపోలేదు. ఆమె మాత్రం నవ్వలేదు. "ఏమైందో నువ్వు తేల్చేయకు. ఎప్పుడవుతోందో చెప్పు. సీట్లో మనిషి ఉన్నప్పుడా, లేనప్పుడా? చలిలోనా, ఎండలోనా? ఎప్పుడన్నది దొరికితే, ఎందుకన్నది దానంతటదే వస్తుంది" అని కాగితాలు నా ముందు పెట్టి వెళ్లిపోయారు. ఆ రిపోర్టు మళ్లీ రాశాను. మళ్లీ వెనక్కి వచ్చింది. ఇంకోసారి రాశాక తీసుకున్నారు. బాగుందని మాత్రం అనలేదు.

మిల్టన్‌లో మా ఇళ్లు దగ్గర దగ్గరే కావడంతో, కొన్నాళ్లకు సుభద్ర గారూ, రఫీ, నేనూ ముగ్గురం నా కారులోనే పనికి వెళ్లడం మొదలుపెట్టాం. మంచులో జారకుండా ఉంటుందని, ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే రకం కారు కొనుక్కున్నాను నేను. పెద్దావిడ కదా అని ముందు సీటు ఇవ్వబోతే ఆమె వద్దన్నారు. కంపెనీల నుంచి తిరిగి వచ్చిన పట్టాలను ఇంట్లో తీరిగ్గా చూసుకోవడానికి ఒక పెట్టెలో వేసుకుని తీసుకెళ్లేవారు, తెచ్చేవారు. ఆ పట్టాల పెట్టెను పక్కన పెట్టుకుని, బూట్లు విప్పి, వెనక సీటులో కూర్చునేవారు. ముందు సీటులో రఫీ, వాడి ఫోను.

ఒక శీతాకాలం చివర్లో వణుకు మొదలైంది. తొంభై దగ్గర ఏమీ ఉండదు. నూట పది దాటితే స్టీరింగు చేతుల్లో సన్నగా అదురుతుంది. అటూ ఇటూ పెద్ద ట్రక్కులు గోడల్లా వెళుతుంటే, మధ్యలో నా చేతుల్లో ఆ అదురు. రఫీని అడిగితే ఫోనులోంచి తల ఎత్తకుండా, "రోడ్డంతే సార్" అన్నాడు. సర్వీసు సెంటరుకు వెళ్లి, నాలుగు చక్రాలూ బాలెన్స్ చేయమన్నాను. మన ఊళ్లో మెకానిక్ దగ్గరికి వెళితే అలాగే చెబుతాం. ఫలానాది పోయింది, చూడు అంటాం. అతను మన మాట పక్కనపెట్టి, తనకు తోచింది చూస్తాడు. ఇక్కడ అలా కాదు. చక్రాలు బాలెన్స్ చేయమంటే చక్రాలే బాలెన్స్ చేసి, చిరునవ్వుతో తాళాలు ఇస్తారు. వణుకు తగ్గలేదని మళ్లీ వెళ్లి, టైర్లు మార్చమన్నాను. చక్కగా మార్చారు. ఆ తర్వాత వెళితే మెకానిక్ ఒక్కడే హైవే మీదికి తీసుకెళ్లి వచ్చి, కారు బ్రహ్మాండంగా ఉందన్నాడు. కౌంటరు దగ్గరి అమ్మాయి నన్ను జాలిగా చూసింది. ఆ చూపు కూడా నాకు గుర్తుంది.

ఒకరోజు పని నుంచి తిరిగి వస్తున్నాం. మళ్లీ వణికిందని అన్నాను. రఫీ విసుక్కున్నాడు. "సార్, ఏమనుకోకండి. కారు కాదేమో. మీ చేతులేమో."

వాడు నవ్వులాటకే అన్నాడు. అంతవరకు నా భార్య సరళకు తప్ప ఎవరికీ చెప్పని మాట బయటికి వచ్చేసింది. "మా నాన్నగారికి యాభై దాటాక చేతులు వణికే జబ్బు వచ్చింది రఫీ. చివరికి మంచినీళ్ల గ్లాసు కూడా పట్టుకోలేకపోయారు. నాకు ఇప్పుడు ఆ వయసే."

రఫీ ఫోను జేబులో పెట్టుకున్నాడు. అద్దంలో చూశాను. సుభద్ర గారు తల కిటికీకి ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నారు.

మర్నాడు రఫీ, "కొన్నాళ్లు నేను నడుపుతాలే సార్" అన్నాడు. అన్నది మర్యాదగానే. నా కారులో నేను పక్క సీటులోకి మారాను. ఫ్యామిలీ డాక్టరు చేతులు చాచమన్నాడు, ముక్కు ముట్టుకోమన్నాడు, ఇప్పటికి ఏమీ కనపడటం లేదన్నాడు. స్పెషలిస్టుకు రాస్తాను, పిలుపు వచ్చేదాకా ఆగమన్నాడు. ఈ దేశంలో ఆ పిలుపు రావడానికి నెలలు పడుతుందని అందరికీ తెలుసు. రఫీ నడపడం మొదలుపెట్టిన ఆ వారమే సుభద్ర గారు సెలవు పెట్టి, కూతురి దగ్గరికి బర్నబీ వెళ్లారు. ఆ వారమంతా కారు ఒక్కసారి కూడా వణకలేదు. "చూశారా సార్, ఎంత స్మూత్‌గా పోతోందో" అన్నాడు రఫీ. నేను ఒళ్లో పెట్టుకున్న నా చేతులనే చూసుకుంటూ కూర్చున్నాను.

శనివారం కూరగాయలకని సరళతో బ్రాంప్టన్ బయలుదేరాను. ఆమెకు డ్రైవింగ్ రాదు కనుక నేనే నడిపాను. నూట పదిహేను మీద కూడా కారు నిశ్చలంగా ఉంది. సరళ నా చేతుల వంక చూసి, "ఇవాళ బాగానే ఉన్నాయే. వాటికి శని, ఆదివారాలు సెలవా?" అంది.

నాకు కోపం వచ్చింది. అంతలోనే ఆ మాట పట్టుకుని లెక్క వేయడం మొదలుపెట్టాను. చేతులు అవే. కారు అదే. మరి ఎప్పుడు? పనిరోజుల్లో వణుకుతోంది, శనివారం లేదు. మెకానిక్ ఒక్కడే వెళితే లేదు. ఈ వారమంతా లేదు. బెండకాయలు ఏరుతున్నంతసేపూ అదే ఆలోచన. ఇంటికి వచ్చేసరికి తెలిసిపోయింది. కానీ అది చెప్పవలసిన మనిషి నా మేనేజరు.

సోమవారం పొద్దున సుభద్ర గారు పెట్టెతో సహా ఎక్కి కూర్చోగానే, తాళాలు రఫీకి ఇవ్వకుండా వెనక్కి తిరిగాను.

"మేడమ్, కారు నూట పది దాటాక వణుకుతోంది. మీరు వెనక కూర్చున్నప్పుడే వణుకుతోంది. మీరు లేకపోతే లేదు."

"సార్!" అన్నాడు రఫీ. "మేడమ్ వెయిట్ గురించా మీరు మాట్లాడేది?"

"నా ఒక్కదానిదే ఎందుకు? పెట్టె బరువు కూడా కలుపు" అన్నారు ఆమె. కోపం లేదు. నా వంకే చూస్తూ, "ఇప్పుడయింది కంప్లయింట్" అన్నారు.

ఆ సాయంత్రమే ముగ్గురం సర్వీసు సెంటరుకు వెళ్లాం. ఆమె కౌంటరు దగ్గర వాదించలేదు. మేమంతా ఎవరి సీట్లలో వాళ్లం కూర్చుంటామనీ, నా సీటులో మెకానిక్ కూర్చుని నడపాలనీ మాత్రం అన్నారు. నా సీటు మెకానిక్‌కు పోవడంతో, వెనక బరువు మారకూడదని నేను అక్కడే ఉండిపోయాను. పోనీలెండి. వాళ్లు తిరిగి వచ్చేసరికి మెకానిక్ ముఖంలో నవ్వు లేదు. కారు పైకెత్తి చూశాడు. ఇంజను నుంచి వెనక చక్రాలకు వెళ్లే పొడవాటి ఇరుసును మధ్యలో పట్టి ఉంచే బేరింగ్ అరిగిపోయింది. వెనక బరువు పడి కారు కుంగితే ఆ ఇరుసు వాలు మారుతుంది, వేగం పెరగగానే వణుకు పుడుతుంది. వెనక ఖాళీగా ఉంటే ఏమీ తెలియదు. రఫీ నా చేతులు రెండూ పట్టుకుని ఊపాడు. "సారీ సార్, చేతులు బంగారం." ఒప్పుకున్నాను కానీ మరిచిపోలేదు.

బేరింగ్ మారుస్తున్నంతసేపు సుభద్ర గారూ నేనూ అక్కడి కుర్చీల్లో కూర్చున్నాం. అప్పుడు అన్నారు ఆమె, చాలా మామూలుగా: "నాకు మొదటి వారంలోనే తెలిసింది. కాళ్ల కింద జుమ్మంటాది కదా. పెట్టె ఇంటి దగ్గర వదిలేసిన రోజు తగ్గేది."

"మరి చెప్పలేదేం మేడమ్?"

"నే చెప్తే నువ్వు కనిపెట్టేవాడివా?"

"ప్రమాదం జరిగుంటే?"

"ప్రమాదమైతే నేనెక్కుతానా? ఈలోపు ఊడిపోయేది కాదది." కాఫీ ఒక గుక్క తాగి ముఖం చిట్లించారు. "ఇది కాఫీయేనా, ప్రసాద్?"

అంతే. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా మాట మార్చేవారు. ఆమె నేర్పింది నా దగ్గర ఉంది, కాదనను. పిల్లాడు కడుపునొప్పి అంటే ఎప్పుడు అని అడుగుతాను. సరళ నా మీద విసుక్కుంటే, ఎందుకని కాకుండా ఎప్పటి నుంచి అని అడుగుతాను. చాలాసార్లు జవాబు అందులోనే ఉంటుంది. ఇప్పుడు మా విభాగానికి నేనే మేనేజరును. కొత్తవాళ్లు రాసినవి వెనక్కి పంపుతాను. అయితే ఏడుపు అనను. నాకు తెలిసింది ఎవరి దగ్గరా దాచను.

ఆమె ఇప్పుడు బర్నబీలో కూతురి దగ్గర ఉంటున్నారు. ఫోను చేసి ఈ మాట ఎత్తితే, "ఇక్కడ ఒకటే వాన ప్రసాద్" అంటారు. అందుకే అందరూ చదివే చోట అడుగుతున్నాను. కారు గురించి మీరు ఎందుకు చెప్పలేదో ఇక అడగను. దానికి సమాధానం చెప్పారు, నచ్చకపోయినా. నేను అడిగేది వేరు. ఆ సాయంత్రం నా చేతుల గురించీ, మా నాన్నగారి గురించీ నేను చెబుతున్నప్పుడు, మీరు నిజంగా నిద్రపోతున్నారా? కాళ్ల కింద అంత జుమ్మంటుంటే మీకు నిద్ర ఎలా పట్టింది? నా మాటలు విని కూడా ఊరుకున్నారా, లేక వినలేదా? సుభద్ర గారూ, వాన సంగతి వద్దు. విన్నారా, వినలేదా, చెప్పండి.