ఫోన్ వచ్చిన సంగతి కూడా రాసింది

మా ఆవిడ పోలీస్ స్టేషన్లో రైటర్. తుపాకీ పట్టదు, దొంగల వెంట పరిగెత్తదు. ఎవరొచ్చారు, ఎవరు వెళ్లారు, ఏ ఫిర్యాదు ఎన్ని గంటలకు అందింది, అన్నీ స్టేషన్ డైరీలో ఎక్కించడం ఆవిడ పని. నేను టైలర్ని. అంగుళం అటూ ఇటూ అయితే కుట్టు విప్పి సరిచేసుకుంటాను. ఆవిడకి ఆ వెసులుబాటు లేదు. డైరీ పేజీలకు నంబర్లుంటాయి, ఒక్క మాట కొట్టేసినా పక్కన సంతకం పెట్టాలి.

ఇంట్లోనూ అదే జబ్బు. "పాలు ఏడుంబావుకి పొంగబెట్టారు" అని టైముతో సహా నా మీద నేరం మోపేది. ఎవరి గుట్టూ ఆవిడ నోరు దాటదు గానీ, ఆ కలంలో మాత్రం నువ్వుగింజ నానదని మా అమ్మ నవ్వేది.

అమ్మకి నడుం పడిపోయి నాలుగేళ్లు. రోజూ డ్యూటీకి వెళ్లేముందు మా ఆవిడే ఎత్తి పీట మీద కూర్చోబెట్టి స్నానం చేయించేది. నేను చేయిస్తానంటే అమ్మ ఒప్పుకునేది కాదు. "కొడుకుతోనా! సిగ్గు లేదట్రా?" అని ముఖం గోడవైపు తిప్పేసుకునేది.

ఒకరోజు స్టేషన్‌కి పెద్దాసుపత్రి ఆయా వచ్చింది. పిల్లల వార్డుకి వచ్చిన మందుల పెట్టెల్ని సూపరింటెండెంట్ తన కారులో తరలించి బయట అమ్ముకుంటున్నాడని ఫిర్యాదు. పెట్టెల మీది నంబర్లు అరచేతిలో రాసుకుంది. అవి చెరిగిపోతాయని పొద్దుటినుంచీ చెయ్యి కడుక్కోలేదు, అన్నం తినలేదు. మా ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఒక్కో అంకే డైరీలోకి ఎక్కించింది.

ఎవరు చేరవేశారో గానీ, పావుగంటలో ఇన్‌స్పెక్టర్‌కి మంత్రిగారి పేషీ నుంచి ఫోనొచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు, మెత్తనివాడు. గదిలోంచి బయటికొచ్చి, "అమ్మా, ఆ ఫిర్యాదు ఇప్పుడే ఎక్కించకండి. పైనుంచి చెప్పారు" అన్నాడు.

"ఎక్కించేశాను సార్."

"అయితే ఆ పేజీ సంగతేదో చూడండి."

"సరే సార్. ఫోన్ ఎన్నింటికి వచ్చింది?"

ఆయన అమాయకంగా వాచీ చూసుకున్నాడు. "పదకొండూ ఇరవై. ఎందుకు?"

ఆవిడ అప్పటికే రాసేస్తోంది. పదకొండూ ఇరవైకి మంత్రిగారి కార్యాలయం నుంచి ఫోన్, కేసు కట్టవద్దన్నట్లు ఇన్‌స్పెక్టర్ గారు తెలిపారు, అని. స్టేషన్‌కి వచ్చే ప్రతి ఫోనూ డైరీలో ఎక్కాలన్నది రూలు. పేషీ ఫోన్లు ఎవరూ ఎక్కించరన్నది అలవాటు. రెండూ అందరికీ తెలుసు.

"నా కొంప ముంచారు కదమ్మా!"

"కొట్టేయమంటారా సార్? మీరు సంతకం పెట్టాలి. ఎందుకు కొట్టేశామో కింద రాయాలి."

ఆయన డైరీ తనవైపు తిప్పుకుని ఆ పేజీ రెండుసార్లు చదువుకున్నాడు. చివరికి, "రాసేశారుగా, ఇంక నా చేతుల్లో ఏముంది? కేసు కట్టండి" అన్నాడు. ఆ మాటన్నాక ఆయన ముఖం తేటపడిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

సూపరింటెండెంట్ అరెస్టయ్యాడు. వారం తిరక్కుండా మా ఆవిడకి బదిలీ. బస్సులో తొమ్మిది గంటల దూరం. నెలకోసారి ఇంటికి రాగలిగితే గొప్ప.

నేను మండిపడ్డాను. "ఊళ్లోవాళ్ల మందులు గుర్తొచ్చాయి గానీ, ఇంట్లో మంచం మీదున్న మనిషి గుర్తు రాలేదా? ఆ ఒక్క ముక్క రాయకపోతే ఏం మునిగిపోయేది?"

ఆవిడ బట్టలు సర్దుకుంటోంది. "అత్తయ్య గుర్తొచ్చింది. చెయ్యి ఆగింది కూడా" అంది. "ఆ ఆయా నా ఎదురుగా అలాగే చెయ్యి చాపుకుని కూర్చుందండీ. నన్నేం చెయ్యమంటారు?" అంటూ ఏడ్చేసింది. పెళ్లయ్యాక ఆవిడ ఏడవడం నేను చూసింది అదే మొదలు. నా కోపం ఎటు పోయిందో తెలీదు. పాలు పొంగాయని నాలుగు మాటలన్నందుకా ఇంత మంచి మనిషిని ఇన్నేళ్లుగా విసుక్కున్నాను అనిపించింది.

లోపలి గదిలోంచి అమ్మ కేకేసింది. "ఒరేయ్, దాన్నేమీ అనకు. ఇలా రా."

వెళ్లాను.

"రేపట్నుంచి నాకు నువ్వే స్నానం చేయించు."

"నీకు సిగ్గు కదమ్మా."

"సిగ్గుపడాల్సినవాళ్లు వేరే ఉన్నార్లేరా."

మర్నాడు బస్సుకి ఇంకా గంట టైముండగా మా ఆవిడ నా పక్కన నిలబడి నేర్పింది. చంకల కింద ఎలా పట్టుకోవాలో, నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలో, ముందు వీపు మీద ఎందుకు పొయ్యాలో. అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. మొదటి చెంబు పోశాను. రెండోది పోశాను. మూడో చెంబుకి కళ్లు తెరిచి, "వీపు రుద్దరా" అంది.